పరుగుల పట్టికలో మొదటి పేరు

ఉప్పల్ స్టేడియంలో రాత్రిపూట క్రికెట్టు ఆట ఉన్ననాడు, సాయంకాలం కాగానే మధురానగర్ మెట్రో స్టేషను మెట్లమీద నారింజరంగు చొక్కాలు కనిపిస్తాయి. రాయదుర్గం నుంచి నాగోలుకు పోయే రైలు ఇక్కడ ఎక్కితే మధ్యలో మారే పని లేకుండా స్టేడియం స్టేషనులోనే దిగవచ్చు. ఎక్కేవారిలో చాలామంది అమీర్‌పేట, మధురానగర్ హాస్టళ్లలో ఉంటూ పోటీ పరీక్షలకో, కంప్యూటరు ఉద్యోగాలకో శిక్షణ పొందే యువకులు. దారి పొడుగునా వారి మాటలన్నీ సంఖ్యలే. ఎవరు ఎన్ని పరుగులు చేసినారు, ఈసారి టోపీ ఎవరికి, గత ఏడాది ఎవరికి, అంతకు ముందు ఎవరికి?

వారు చెప్పుకునే టోపీ కూడ నారింజరంగుదే. ఇండియన్ ప్రీమియర్ లీగులో ఒక సీజను మొత్తం మీద అందరికంటె ఎక్కువ పరుగులు చేసిన ఆటగానికి దానిని ఇస్తారు. 2008లో ఈ పోటీలు ఆరంభమైననాటి నుంచీ ఈ ఆచారం ఉన్నది. 2015 నుంచి 2019 వరకు అయిదేళ్లలో నాలుగుసార్లు అది హైదరాబాదు సన్‌రైజర్స్ జట్టువారికే దక్కినది. 2015లో 562, 2017లో 641, 2019లో 692 పరుగులతో డేవిడ్ వార్నర్ దానిని ధరించినాడు. 2018లో 735 పరుగులతో కేన్ విలియమ్‌సన్ ధరించినాడు. మిగిలిన 2016లో వార్నర్ 848 పరుగులు చేసి కూడ రెండవవాడే అయినాడు. ఆ ఏడు బెంగుళూరు ఆటగాడు విరాట్ కోహ్లీ 973 పరుగులు చేసినాడు. టోపీ బెంగుళూరుకు పోయినా, చివరి ఆటలో అదే బెంగుళూరు జట్టును ఎనిమిది పరుగుల తేడాతో ఓడించి కప్పు తెచ్చుకున్నది మాత్రం హైదరాబాదువారే.

పట్టికలో మొదటి పేరు ఎవరిదో వాడే ఆ ఏటి మేటి అనుకోవడం సహజం. ఆ నమ్మకం మీదనే ఆటగాళ్ల ధరలు పెరుగుతవి, తరుగుతవి. జిల్లా జట్లలోకి కుర్రవాళ్లను తీసుకోవడం, తీసివేయడం కూడ చాలావరకు ఇట్లాంటి పట్టికలను చూచే జరుగుతుంది. కాబట్టి ఒక సీజనులో చేసిన పరుగుల మొత్తం నిజానికి ఏమి చెబుతుంది, ఏమి చెప్పదు అన్నది వినోదానికి మాత్రమే పరిమితమైన ప్రశ్న కాదు.

2018 పట్టికనే తీసుకుందాం. మొదటివాడు విలియమ్‌సన్, 735 పరుగులు. రెండవవాడు ఢిల్లీకి ఆడిన రిషభ్ పంత్, 684 పరుగులు. తేడా 51. అయితే విలియమ్‌సన్ 17 ఆటలు ఆడినాడు, పంత్ 14 మాత్రమే ఆడినాడు. హైదరాబాదు జట్టు చివరి ఆట వరకు పోయినది గనుక దానికి మూడు ఆటలు అదనంగా దొరికినవి. ఢిల్లీ జట్టు ఆ ఏడు అందరికంటె అడుగున నిలిచినది. ఆటకు ఎన్ని పరుగులని భాగిస్తే విలియమ్‌సన్‌కు 43.2, పంత్‌కు 48.9 వస్తవి. పదిహేడు పేపర్లు రాసిన విద్యార్థి మొత్తం మార్కులను, పద్నాలుగు పేపర్లు రాసినవాని మొత్తం మార్కులతో పోల్చి ర్యాంకు ఇస్తే అమీర్‌పేట హాస్టళ్లలో ఎవరూ ఊరుకోరు. పరుగుల విషయంలో మాత్రం ఊరుకుంటారు.

పంత్‌కు ఇంకొక మూడు ఆటలు దక్కి ఉంటే టోపీ అతనిదే అని చెప్పడానికి కూడ వీలు లేదు. ఆ మూడింటిలోనూ సున్నాలు చేసి ఉండవచ్చు. అవకాశం అన్నది మొత్తంలో దాగి ఉండే మొదటి అంశం అని మాత్రమే ఇక్కడ గ్రహించవలసినది.

ఈ అవకాశం ఆటల లెక్కతో ముగియదు. ఇరవై ఓవర్ల ఆటలో ఒక జట్టుకు దొరికేవి 120 బంతులు. మొదట దిగేవారికి వాటిలో పెద్దభాగం దక్కుతుంది. అయిదవవాడుగానో ఆరవవాడుగానో దిగేవానికి ఒక్కొక్కప్పుడు పది బంతులు కూడ దక్కవు. 2019లో టోపీ గెలిచిన వార్నర్ 692 పరుగులకు 481 బంతులు ఎదుర్కొన్నాడు. అదే ఏడు కలకత్తా జట్టులో కింది వరుసలో దిగిన ఆండ్రీ రసెల్ 249 బంతులలోనే 510 పరుగులు చేసినాడు. దాదాపు సగం బంతులు! అట్లాగని వార్నర్‌కు దొరికినన్ని బంతులు రసెల్‌కు ఇస్తే వెయ్యి పరుగులు చేసేవాడని లెక్క కట్టకూడదు. చివరి ఓవర్లలో ఔటయినా పెద్ద నష్టం లేదని తెగించి కొట్టేవాడు, మొదటి ఓవరునుంచీ అట్లాగే కొడితే త్వరగానే ఇంటిముఖం పడతాడు. ఇద్దరి పనులు వేరు. ఒకే పట్టికలో రెండు వేరువేరు పనులను ఒకే కొలతతో కొలుస్తున్నామన్న మాట.

అమెరికావారి బేస్‌బాల్ ఆటలో ఈ సంగతి ఇంకా స్పష్టంగా కనబడుతుంది. అక్కడ కూడ ‘పరుగు’ ఉన్నది. దాని అర్థం మాత్రం వేరు. ఆటస్థలంలో చతురస్రాకారంగా నాలుగు మజిలీలు ఉంటవి. కర్రతో బంతిని కొట్టినవాడు మొదటి, రెండవ, మూడవ మజిలీలు దాటి, బయలుదేరిన చోటికే తిరిగి వస్తే అతని పేర ఒక పరుగు రాస్తారు. ఒకే దెబ్బతో చుట్టంతా తిరిగి రాగలిగితే దానిని హోమ్ రన్ అంటారు. అట్లా వీలుకానప్పుడు ఏదో ఒక మజిలీలో నిలిచి, తన తరువాత వచ్చేవాడు బంతిని కొట్టేవరకు వేచి ఉండవలసినదే. 1921లో న్యూయార్క్ యాంకీస్ ఆటగాడు బేబ్ రూత్ ఒక్క సీజనులో 177 పరుగులు చేసినాడు. 1900 తరువాత, 2025 సీజను వరకు, ఆ సంఖ్యను ఎవరూ దాటలేదు. ఆ ఏడు అతడు కొట్టిన హోమ్ రన్‌లు 59. అంటే తక్కిన 118 సార్లు అతడు మజిలీలో నిలిచి ఉండగా చాలావరకు తోటివారి దెబ్బలే అతనిని ఇల్లు చేర్చినవి. 2023లో అట్లాంటా ఆటగాడు రొనాల్డ్ అకూన్యా 149 పరుగులతో మొదట నిలిచినాడు. హోమ్ రన్‌లు 41. అతడు వరుసలో మొదటివాడుగా దిగేవాడు. మొదట దిగేవానికి అవకాశాలు ఎక్కువ, అతని వెనుక కొట్టేవారు మంచివారైతే పరుగులు ఇంకా ఎక్కువ.

క్రికెట్టులో పరుగు కొట్టినవానిదే. అవతలి చివరనుంచి అంతే దూరం, అంతే వేగంగా పరుగెత్తే సహచరుని పేర ఒక్క అంకె కూడ పడదు. ఇది కొంత అన్యాయమే గాని, ఆ అన్యాయం ఇద్దరికీ వంతులవారీగా జరుగుతుంది కనుక ఎవరూ పట్టించుకోరు.

అవకాశాల తేడాను సరిదిద్దడానికే సగటు అనే సాధనం వచ్చినది. బ్యాటింగు సగటును అందరూ ఎరుగుదురు: చేసిన పరుగుల మొత్తాన్ని ఎన్నిసార్లు ఔటయినాడో ఆ సంఖ్యతో భాగించాలి. ఇక్కడ ఒక చిక్కు చాలామందిని వేధిస్తుంది. ఒకడు మూడు ఇన్నింగ్సులలో 40, 60, ఔటు కాకుండా 20 పరుగులు చేసినాడనుకోండి. మొత్తం 120. ఔటయినది రెండేసార్లు కనుక సగటు 60. మూడు ఇన్నింగ్సులలో ఒక్కసారైనా అరవై దాటనివానికి అరవై సగటా? ఇది మోసం కాదా?

విద్యుద్దీపాలు తయారుచేసే కర్మాగారంలో ఇట్లాంటి చిక్కే వస్తుంది. పది దీపాలను వెలిగించి, అవి సగటున ఎన్ని గంటలు వెలుగుతవో కనుక్కోవాలి. నెలరోజుల తరువాత చూస్తే ఏడు మాడిపోయినవి, మూడు ఇంకా వెలుగుతూనే ఉన్నవి. వెలుగుతున్న మూడింటినీ అప్పుడే మాడిపోయినట్లు లెక్కిస్తే దీపాల ఆయుర్దాయం తక్కువగా తేలుతుంది; వాటిని బొత్తిగా విడిచిపెట్టినా అంతే, ఎందుకంటే విడిచిపెట్టినవి ఎక్కువకాలం నిలిచిన గట్టివే. పదీ కలిసి వెలిగిన గంటల మొత్తాన్ని, మాడిపోయిన ఏడుతో భాగించాలి. దీపం ఎంతసేపు వెలిగినా మరుక్షణంలో మాడిపోయే సంభావ్యత మారకుండా ఉంటే, ఇదే అన్నిటికంటె సరియైన అంచనా అని గణితం రుజువు చేస్తుంది. క్రికెట్టు సగటు కూడ అచ్చంగా ఇదే. ఔటు కాని ఇన్నింగ్సు మధ్యలో ఆగిపోయిన పరీక్ష. గణితశాస్త్రం ఆ పేరు పెట్టకముందే క్రికెట్టు లెక్కల గుమాస్తాలు సరియైన పద్ధతిని పట్టుకున్నారు!

2018 పట్టికకు దీనిని అన్వయించి చూడండి. విలియమ్‌సన్ 17 ఇన్నింగ్సులలో 14 సార్లు ఔటయినాడు; సగటు 52.5. పంత్ 14 ఇన్నింగ్సులలో 13 సార్లు ఔటయినాడు, సగటు 52.6. మొత్తంలో 51 పరుగుల తేడా ఉన్న ఇద్దరూ సగటులో సరిసమానులైనారు. పంత్ తన పరుగులకు వాడుకున్నవి 394 బంతులు, విలియమ్‌సన్ వాడుకున్నవి 516. త్వరగా ఆడేవాడే కావాలనుకుంటే పంత్ ఎంతో ముందున్నాడు. ఒకవైపు వికెట్లు పడుతుండగా మరొకవైపు నిలబడేవాడు కావాలనుకుంటే మాట వేరు.

ఇంతవరకు చూచినది సులభమైన భాగం. అసలు సంగతి ఇక ముందున్నది: అదృష్టం.

ఒక ఆటగాని నిజమైన సామర్థ్యం ఇన్నింగ్సుకు 35 పరుగులు అనుకుందాం. అంటే ప్రతి పరుగుకు ముందు అతడు ఔటయ్యే సంభావ్యత 36లో ఒకటి. అతని స్కోర్లు ప్రతిసారీ 30కీ 40కీ మధ్య ఉంటవని అనుకుంటే పొరపాటు. లెక్క వేసి చూస్తే, నాలుగింట ఒకసారి అతడు పది పరుగులు కూడ చేయకుండా వెనుదిరుగుతాడు. వంద ఇన్నింగ్సులలో ఆరుసార్లు మాత్రం నూరు దాటుతాడు. తన సగటు అయిన 35ను చేరేది నూటికి 37 సార్లే. ఇట్లా స్కోర్లు గుణశ్రేఢిలో తగ్గుతూ పోతవా అని 1945లోనే ఎల్డర్టన్, వుడ్ అనేవారు ఇంగ్లండులో అసలు స్కోర్లను పరిశీలించి, రాయల్ స్టాటిస్టికల్ సొసైటీ పత్రికలో వ్యాసాలు ప్రచురించినారు. నిజమైన ఆటలో సున్నాలు ఈ లెక్కకంటె కొంత ఎక్కువగానే వస్తవి. కన్ను కుదరకముందు ఎవరికైనా గండమే. తక్కినంతవరకు ఈ నమూనా మోటుగానైనా పనికివస్తుంది.

ఈ నమూనాలో ఒక విచిత్రం ఉన్నది. స్కోర్లు సగటు చుట్టూ ఎంతగా చెదిరి ఉంటవో చెప్పే కొలతను క్రమ విచలనం అంటారు. ఇక్కడ అది దాదాపు సగటుతో సమానం. సగటు 35 అయితే విచలనం కూడ సుమారు 35. పద్నాలుగు ఇన్నింగ్సులు కలిపితే రావలసిన మొత్తం 490. ఆ మొత్తానికి విచలనం 35ను 14 వర్గమూలంతో గుణిస్తే వచ్చే 131. ఇరవై ఓవర్ల ఆటలో బంతులకు హద్దు ఉన్నందువల్ల ఇది కొంత తగ్గుతుంది. అయినా సామర్థ్యంలో వెంట్రుకవాసి మార్పు లేకుండానే, ఒకే ఆటగాడు ఒక సీజనులో 380, మరొక సీజనులో 600 చేయడంలో ఆశ్చర్యం ఏమీ లేదని తేలుతుంది. విలియమ్‌సన్‌కూ పంత్‌కూ మధ్య ఉన్న 51 పరుగులు ఈ ఊగిసలాటలో సగం కూడ కాదు.

దీనిని ఇంట్లోనే పరీక్షించవచ్చు. పదిమందిని కూర్చోబెట్టి ఒక్కొక్కరిచేత పద్నాలుగుసార్లు పాచిక వేయించి మొత్తాలు రాయండి. అందరికీ రావలసినది సుమారు 49. పాచిక వేయడంలో నేర్పు అంటూ లేదు కనుక పదిమందీ సమానులే. అయినా పట్టికలో మొదటి పేరు ఒకటి ఉండనే ఉంటుంది. అతని మొత్తం చాలాసార్లు 58, 59 దగ్గర ఉంటుంది. హాస్టలు గదిలో అతనికి ఒక నారింజ టోపీ కూడ పెట్టవచ్చు. రెండవసారి అందరిచేత మళ్లీ వేయిస్తే టోపీ పెట్టుకున్నవానికి రాగలదని చెప్పదగినది మళ్లీ 49 మాత్రమే. ఇదే లెక్కను పరుగులకు వర్తింపజేస్తే, 35 సగటు గల సమానులైన పదిమందిలో ఆ ఏడు మొదట నిలిచేవాడు చేసేవి ఇంచుమించు ఏడు వందల పరుగులు. టోపీ గెలిచినవారి సంఖ్యలతో పోల్చి చూడండి!

మొదట నిలిచినవాడు మరుసటి సంవత్సరం కిందికి దిగడానికి ఇదొక పెద్ద కారణం. పొడుగైన తల్లిదండ్రుల పిల్లలు సగటున వారికంటె కొంచెం పొట్టిగా ఉంటారని 1886లో ఫ్రాన్సిస్ గాల్టన్ చూపినారు. దీనినే ప్రతిగమనం అంటారు. 2016లో 973 పరుగులు చేసిన కోహ్లీ 2017లో పది ఆటలలో 308 చేసినాడు. 2018లో 735 చేసిన విలియమ్‌సన్ 2019లో తొమ్మిది ఆటలలో 156 చేసినాడు. ఇద్దరికీ భుజాల గాయాలైన మాట నిజమే; అవీ కారణమే. కాని గాయాలు లేకున్నా అంత ఎత్తున నిలవడం దుర్లభం. అభిమానులు దానిని పొగరు అనో, దిష్టి అనో, ఏకాగ్రత పోయిందనో అంటారు. పాచికలకు పొగరు ఎక్కడిది?

అయితే కొద్ది ఇన్నింగ్సులనుంచి ఒకని సామర్థ్యాన్ని ఎంత దగ్గరగా తెలుసుకోవచ్చు? ఈ ప్రశ్నకు ఒక హద్దు ఉన్నదని కనుక్కున్నవారిలో ఒకరు తెలుగువారే. హూవిన హడగళిలో తెలుగు కుటుంబంలో 1920లో పుట్టి, ఆంధ్ర విశ్వవిద్యాలయంలో గణితం చదివిన సి.ఆర్. రావుగారు 1945లో, కలకత్తాలోని ఇండియన్ స్టాటిస్టికల్ ఇన్‌స్టిట్యూట్‌లో పనిచేస్తూ ఈ హద్దును ప్రచురించినారు. స్వీడనుకు చెందిన క్రామెర్ కూడ విడిగా దానిని చేరుకున్నారు గనుక అది క్రామెర్-రావు హద్దుగా ప్రసిద్ధమైనది. ఎంత తెలివిగా లెక్క కట్టినా, నిష్పక్షపాతమైన ఏ అంచనాలోనైనా కొంత పొరపాటు మిగిలే తీరుతుంది. ఆ పొరపాటు ఎంతకంటె తగ్గదో ఈ సూత్రం చెబుతుంది. 2023లో నూట రెండేళ్ల వయస్సులో ఆయన గతించినారు. హైదరాబాదు విశ్వవిద్యాలయం పక్కన ఆయన పేరు పెట్టుకున్న రోడ్డు ఉన్నది. పైన చెప్పిన నమూనాలో ఆ హద్దు చాలా సులభంగా ఉంటుంది: సగటును, ఔటయిన సంఖ్యయొక్క వర్గమూలంతో భాగించాలి.

హైదరాబాదు చరిత్రలోని మహత్తరమైన సీజను మీదనే దీనిని ప్రయోగించి చూద్దాం. 1999-2000 రంజీ ట్రోఫీ పోటీలలో వి.వి.ఎస్. లక్ష్మణ్ తొమ్మిది ఆటలలో 1,415 పరుగులు చేసినాడు. ఎనిమిది శతకాలు. కర్ణాటకమీద బెంగుళూరులో ఒక్క ఇన్నింగ్సులోనే 353. ఒక రంజీ సీజనులో అన్ని పరుగులు 2024-25 వరకు మరెవరూ చేయలేదు. పద్నాలుగు ఇన్నింగ్సులలో 13 సార్లు ఔటయినాడు కనుక సగటు 108.8. పదమూడు వర్గమూలం 3.6, భాగిస్తే 30. అంటే ఆ ఒక్క సీజనును మాత్రమే చూచినవాడు లక్ష్మణ్ నిజమైన సామర్థ్యం 79కీ 139కీ మధ్య ఉన్నదని చెప్పినా, మూడింట ఒకవంతు సందర్భాలలో తప్పే అవుతుంది. అంత ఎడం! లక్ష్మణ్ మొదటి తరగతి క్రికెట్టు నుంచి విరమించేనాటికి మొత్తం 19,730 పరుగులు చేసినాడు, సగటు 51.64. 1,415 పరుగుల సీజను వట్టి అదృష్టమని దీని అర్థం కాదు. 2001 మార్చిలో కలకత్తాలో ఆస్ట్రేలియామీద చేసిన 281 పరుగులను చూచినవారెవరూ ఆ మాట అనరు. గొప్ప ఆటగానికి గొప్ప అదృష్టం కూడ తోడైననాడు రికార్డులు పుడతవి.

ఎదుటి జట్టు బలం కూడ ఇక్కడే చెప్పుకోవాలి. 2018-19లో సిక్కిం తరఫున ఆడిన మిళింద్ కుమార్ ఎనిమిది ఆటలలోనే 1,331 పరుగులు చేసినాడు, సగటు 121. లక్ష్మణ్ కంటె ఎక్కువ. కాని ఆ ఏడు కొత్తగా చేరిన జట్లన్నిటినీ ఒక విభాగంలో వేసినారు, అతని పరుగులు ఆ విభాగంలోనివి. ఇక హైదరాబాదు తరఫున 1994లో ఆంధ్ర జట్టుమీద ఎం.వి. శ్రీధర్ 366 పరుగులు చేసినాడు. 2024 జనవరిలో అరుణాచల్ ప్రదేశ్‌మీద తన్మయ్ అగర్వాల్ కూడ సరిగ్గా 366 చేసినాడు, అదీ 181 బంతులలో. రెండు అంకెలూ ఒకటే. ఆ పరుగుల వెల ఒకటేనా అంటే పట్టిక మౌనంగా ఉంటుంది.

ఇప్పుడు వార్నర్ దగ్గరకు తిరిగి వద్దాం. 2014 నుంచి 2021 వరకు, 2018 మినహా, అతడు హైదరాబాదుకు ఏడు సీజనులు ఆడినాడు. 95 ఆటలు, 4,014 పరుగులు, 81 సార్లు ఔటు. సగటు 49.6. ఎనభై ఒకటికి వర్గమూలం తొమ్మిది, భాగిస్తే అయిదున్నర. లక్ష్మణ్ సీజనులో సగటులో నాలుగవ వంతుకు మించి ఉన్న సందేహం ఇక్కడ తొమ్మిదవ వంతుకు దిగినది. ఏడు సీజనులలో మొదటి ఆరింటిలోనూ అతడు అయిదువందలు దాటినాడు. పాచికలు ఇట్లా పడవు. వార్నర్ గొప్పతనానికి ఆధారం మూడు టోపీలకంటె ఈ ఆరు సీజనుల వరుస. టోపీ రాని 2016, మూడవ స్థానమో నాలుగవ స్థానమో వచ్చిన తక్కిన సంవత్సరాలు కూడ ఇందులో సాక్ష్యం చెబుతవి. చివరి 2021 సీజనులో ఎనిమిది ఆటలలో 195 పరుగులే వచ్చినవి, నాయకత్వం పోయినది, జట్టులో చోటు కూడ పోయినది. ఎనిమిది ఆటలు!

వార్నర్‌కు వెనుక నాలుగువేల పరుగులు ఉన్నవి గనుక మరొక జట్టు పిలిచి చోటు ఇచ్చినది. అట్లా వెనుక ఏమీ లేనివారి సంగతే ఆలోచించవలసినది. పదహారేళ్లలోపు కుర్రవాళ్ల పోటీలలో ఒక సీజనుకు ఆరేడు ఇన్నింగ్సులకు మించి దొరకనివారు ఎందరో ఉంటారు. నిజమైన సామర్థ్యం సరిగ్గా 30 చొప్పున ఉన్న ఇద్దరు కుర్రవాళ్లు ఆరేసిసార్లు ఔటయినారనుకోండి. ఒక్కొక్కరి సగటులో ఉండే పొరపాటు 12. ఇద్దరి మధ్య తేడాలో ఉండే పొరపాటు 17. అంటే ఒకనికి 42, మరొకనికి 28 రావడం మామూలు సంగతి. పట్టిక చూచేవారు 42 వచ్చినవానిని ఉంచుకుంటారు, 28 వచ్చినవానిని ఇంటికి పంపుతారు. రెండవవానికి మరుసటి సంవత్సరం బ్యాటు పట్టే అవకాశమే రాదు గనుక ఆ నిర్ణయం తప్పని ఎన్నటికీ బయటపడదు.

లెక్కలు తక్కువగా ఉన్నప్పుడు ఏమి చేయాలన్న దానికి సాంఖ్యక శాస్త్రంలో ఒక ఉపాయం ఉన్నది. ప్రతివానినీ అతని అంకెలతో మాత్రమే తూచకుండా, అందరి సగటు వైపుకు కొంత జరపాలి. లెక్కలు ఎంత తక్కువగా ఉంటే అంత ఎక్కువగా జరపాలి. ముగ్గురు లేక అంతకంటె ఎక్కువమంది ఉన్నప్పుడు ఇట్లా చేస్తే మొత్తం మీద పొరపాటు తగ్గుతుందని 1956లో చార్లెస్ స్టైన్ నిరూపించినారు. మొదట విన్నవారెవరికీ ఇది నమ్మదగినదిగా తోచలేదు. ఒకని సామర్థ్యాన్ని అంచనా వేయడానికి సంబంధం లేని తక్కినవారి అంకెలెందుకు?

1970 నాటి బేస్‌బాల్ సీజను అంకెలతో ఎఫ్రాన్, మోరిస్ అనే అమెరికా శాస్త్రజ్ఞులు దీనిని పరీక్షించి చూపినారు. పద్దెనిమిదిమంది ఆటగాళ్లకు ఆ సీజనులో మొదట దొరికిన 45 అవకాశాలు తీసుకొని, అందులో ఎన్నిసార్లు బంతిని చక్కగా కొట్టి మజిలీ చేరినారో లెక్కించినారు. అందరికంటె పైన ఉన్న రొబర్టో క్లెమెంటే 18 సార్లు కొట్టినాడు, అంటే 0.400. అట్టడుగున ఉన్నవారిలో ఒకడు థర్మన్ మన్సన్ అనే కొత్త కుర్రవాడు. ఎనిమిదిసార్లు మాత్రమే కొట్టినాడు, 0.178. అందరి సగటు 0.265. స్టైన్ సూత్రం ప్రకారం అందరినీ ఆ సగటు వైపుకు దాదాపు అయిదింట నాలుగు వంతుల దూరం జరిపితే క్లెమెంటేకు 0.294, మన్సన్‌కు 0.247 వచ్చినవి. తక్కిన సీజనంతా ముగిసిన తరువాత అసలు అంకెలతో పోల్చినారు. పొరపాట్ల వర్గాల మొత్తం, మొదటి పట్టికను ఉన్నదున్నట్లు నమ్మినవానికంటె మూడవ వంతుకు కూడ తక్కువగా తేలినది. క్లెమెంటే తక్కిన సీజనులో 0.346 చొప్పున కొట్టినాడు.

మన్సన్ కొట్టినది 0.316. న్యూయార్క్ యాంకీస్‌వారు ఆ 45 అవకాశాల తరువాత అతనిని తీసివేయలేదు. ఆ సంవత్సరం ముగిసేసరికి అమెరికన్ లీగులో కొత్తగా వచ్చిన ఆటగాళ్లందరిలో ఉత్తముడుగా ఎన్నికైనవాడు అతడే.